నగర స్వాతంత్ర్యాన్ని చాటే రోమన్ ప్రావిన్సుల నాణేలను చదవడం ఎలా

రోమన్ సామ్రాజ్యపు తూర్పు ప్రావిన్సులలో వందలాది నగరాలు క్రీస్తు శకం మూడో శతాబ్దం దాకా తమ రోజువారీ లావాదేవీల కోసం నాణేలను, ముఖ్యంగా కంచు నాణేలను, సొంతంగా ముద్రించుకునేవి. వాటిలో కొన్నింటిపై బొమ్మ వైపు చక్రవర్తి తల ఉంటుంది, బొరుసు వైపు నగరం పేరు పక్కనే ఆ నగరం స్వతంత్రమైనదని చెప్పే గ్రీకు మాట ఉంటుంది. ఒకే నాణెం మీద ఏలిక ముఖమూ స్వాతంత్ర్య ప్రకటనా కలిసి ఉండడం మొదటిసారి చూసేవారికి పొంతన లేనట్టు తోస్తుంది. ఆ రెండు వైపులనూ కలిపి చదివితేనే నాణెం చెప్పే సంగతి బోధపడుతుంది. ఆ స్వాతంత్ర్యం రోము ఇచ్చినది, రోము తలచుకుంటే వెనక్కి తీసుకోగలిగినది. కాబట్టే ఇరుగుపొరుగు నగరాలకు కనిపించేలా దాన్ని చాటుకోవలసి వచ్చింది. అటువంటి నాణెం, లేదా దాని మంచి ఛాయాచిత్రం, చేతికి వచ్చినప్పుడు దాన్ని ఏ క్రమంలో పరిశీలించాలో, ఎక్కడ పొరబడే అవకాశం ఉందో ఈ వ్యాసం వివరిస్తుంది.

చదవడానికి ముందు

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు దాకా తూచే చిన్న త్రాసు, వ్యాసం కొలిచే సాధనం, ఎటు కావాలంటే అటు తిప్పుకోగల ఒక దీపం ఉంటే చాలు. నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి, కింద మెత్తటి గుడ్డ పరచుకోవాలి. దీపాన్ని నేరుగా పైన ఉంచితే అరిగిన అక్షరాలు అసలు కనబడవు. దాన్ని పక్కకు దించి, వెలుగు నాణెం మీద వాలుగా పడేట్టు చేసి, చుట్టూ మెల్లగా తిప్పుతూ చూస్తే ఒక్కొక్క గీతా తన నీడతో పైకి తేలుతుంది. ఒక దిక్కు నుంచి చూసినప్పుడు గుండ్రటి సిగ్మా అనే గ్రీకు అక్షరం అనిపించినది, మరో దిక్కు వెలుగులో మధ్య గీత బయటపడి ఎప్సిలాన్‌గా తేలడం మామూలే. కాబట్టి ఒకే ఛాయాచిత్రం మీద ఆధారపడి లేఖనాన్ని ఖాయం చేసుకోకూడదు.

నాణేన్ని తోమకూడదు, చింతపండు మొదలుకొని ఏ పులుపూ, ఏ ఆమ్లమూ దానికి తగలనివ్వకూడదు. కంచు మీద శతాబ్దాలుగా పేరుకున్న గట్టి చిలుము పొరలోనే చాలాసార్లు అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. ఆ పొర పోతే అక్షరమూ పోతుంది. గట్టి చిలుము వేరు, వేలికి అంటుకునే లేత ఆకుపచ్చ పొడి వేరు. ఈ పొడి లోహంలోని క్లోరైడ్లు తేమతో కలిసి నాణేన్ని తినేస్తున్నాయనడానికి గుర్తు కనుక, అటువంటి నాణేన్ని వెంటనే పొడి వాతావరణంలోకి మార్చి, లోహ సంరక్షణ తెలిసినవారికి చూపించాలి.

అక్షరాలను గుర్తుపట్టడం

గ్రీకు రానివారు కూడా ఇంగ్లీషు పెద్ద అక్షరాల ఆకారాలు తెలిస్తే ఈ పని చేయగలరు. వెతకవలసిన ముఖ్యమైన మాట 'ఎలెఉథెరా', లేదా 'స్వతంత్రమైన నగరానికి చెందినది' అన్న అర్థంలో చివర సిగ్మా చేరిన 'ఎలెఉథెరాస్'. ఈ రెండో రూపంలో తొమ్మిది అక్షరాలుంటాయి. ఒకటి, మూడు, ఆరు స్థానాలలో ఇంగ్లీషు 'ఇ' లాంటి ఎప్సిలాన్ వస్తుంది. రెండోది తలకిందులైన 'వి' లాంటి లామ్డా, నాలుగోది 'వై' లాంటి అప్సిలాన్. ఐదోది నడుమ అడ్డగీతో చుక్కో ఉన్న సున్న, అంటే థీటా. ఏడోది చూడడానికి 'పి'లా ఉన్నా 'ర' పలికే రో, ఎనిమిదోది 'ఏ' లాంటి ఆల్ఫా. రోమన్ కాలపు నాణేలపై సిగ్మా చాలా చోట్ల ఇంగ్లీషు 'సి' ఆకారంలోనూ, ఎప్సిలాన్ గుండ్రటి వీపుతోనూ, ఒమెగా 'డబ్ల్యూ' లాగానూ చెక్కి ఉంటాయి. నాణెం బాగా అరిగిపోయినప్పుడు మొదట థీటాను వెతకడం మంచిది, ఎందుకంటే సున్నలో గీత ఉన్న అక్షరం తేలికగా కంటికి ఆనుతుంది. దానికి ఎడమ పక్క అప్సిలాన్, కుడి పక్క ఎప్సిలాన్, రో వరుసగా కనబడితే మాట దాదాపు దొరికినట్టే.

లేఖనం అంచు చుట్టూ గుండ్రంగా సాగవచ్చు, బొమ్మకు రెండు పక్కలా నిలువుగా దిగవచ్చు, ఆకుల దండ లోపల వరుసలుగా పేర్చి ఉండవచ్చు, బొమ్మ కింద గీత గీసి వదిలిన చిన్న జాగాలో ఇరుక్కుని ఉండవచ్చు. మాట మధ్యలో దేవత తలో, ఈటె మొనో అడ్డు రావడం వల్ల రెండు ముక్కలయినా అది ఒకే మాట. నగరం పేరు ఎక్కువగా పౌరుల బహువచనంలో, ఒమెగా, న్యూ అనే అక్షరాలతో ముగుస్తుంది. ఉదాహరణకు 'ఆంటియోఖెఓన్' అంటే ఆంటియోక్ వారిది అని.

ఏ మాటకు ఏ హక్కు

ఇక్కడ తొందరపడకూడదు. నగరాలు నాణేలపై చెక్కించుకున్న బిరుదులన్నీ ఒకే హక్కును సూచించవు. ఎలెఉథెరా అన్నప్పుడు ఆ నగరం సూత్రప్రాయంగా ప్రావిన్సు గవర్నరు అధికార పరిధికి వెలుపల ఉండి, తన న్యాయస్థానాలను తానే నడుపుకుంటుందని అర్థం. 'అవుటోనొమొస్' అంటే సొంత చట్టాల ప్రకారం నడిచే నగరం; ఆచరణలో ఈ రెండూ కలగలిసిపోయినా, సిరియా, సిలీషియా నగరాలు రెండో మాటనే ఎక్కువగా వాడాయి. ఒరాంటీస్ నది ఒడ్డున ఉన్న ఆంటియోక్‌ను రోమన్ సేనాని పాంపే క్రీ.పూ. 64లో స్వతంత్ర నగరంగా గుర్తించాక, ఆ నగరపు కంచు నాణేలపై మహానగరం, పవిత్రం, అతిక్రమించరానిది, స్వపరిపాలన గలది అనే నాలుగు విశేషణాలూ ఒక వరుసలో కనిపిస్తాయి. సెలూకియా పియేరియా, మోప్సుఎస్తియా నాణేలపైనా 'పవిత్రం, స్వపరిపాలన గలది' అనే జంట మాటలు ఉంటాయి.

'హియెరా' (పవిత్రం), 'అసిలొస్' (అతిక్రమించరానిది) అనేవి మత సంబంధమైన రక్షణను, అంటే ఆ నగరాన్నీ దాని ఆలయాన్నీ శరణు చొచ్చినవారినీ ఎవరూ ముట్టుకోరాదన్న గౌరవాన్ని తెలుపుతాయి. టైర్ నగరపు ప్రసిద్ధ వెండి షెకెల్‌లపై నగర దేవుడు మెల్కార్ట్ తల, గద్ద బొమ్మలతో పాటు ఈ రెండు మాటలే ఉంటాయి తప్ప స్వతంత్రమన్న మాట ఉండదు. స్వపరిపాలన మొదలైన క్రీ.పూ. 126–125ను శకారంభంగా లెక్కించడంలో మాత్రం ఆ నగరం తన స్వాతంత్ర్యాన్ని పరోక్షంగా చాటుకుంది. 'అతెలెయా' అంటే పన్ను మినహాయింపు. కారియాలోని అలబాండా ఈ మాటనే నాణేనికి ఎక్కించింది. స్వతంత్ర నగరమంటే పన్ను కట్టని నగరమని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బైజాంటియం స్వతంత్ర హోదా గలదైనా రోముకు కప్పం కట్టింది, క్రీ.శ. 53లో క్లాడియస్ చక్రవర్తి ఐదేళ్ల పాటు ఆ భారం తొలగిస్తే దాన్ని మేలుగా భావించింది. పిసిడియాలోని సగలస్సొస్, పాంఫీలియాలోని సిడే వంటివి తమను రోమన్లకు 'మిత్రురాలు, యుద్ధంలో తోడు నిలిచేది' అని చెప్పుకున్నాయి. అది ఒప్పందాన్ని గుర్తు చేసే బిరుదు.

చిన్న నాణేలపై ఈ మాటలు కుంచించుకుపోయి రెండు మూడు అక్షరాలకు, ఒక్కోసారి ఒక్క అక్షరానికి దిగుతాయి. డెకాపొలిస్ (జోర్డాన్ నది ప్రాంతంలోని 'పది నగరాల' సముదాయం) నగరాలైన గదర, అబిలల నాణేలపై ఐయోటా, ఆల్ఫా, ఆల్ఫా అని విడివిడిగా కనిపిస్తే, పవిత్రం, అతిక్రమించరానిది, స్వపరిపాలన గలది అని విప్పుకోవాలి. ఇదే గదర, పాంపే తనను యూదు రాజుల ఏలుబడి నుంచి తప్పించిన క్రీ.పూ. 64–63లో 'రోము మొదటి సంవత్సరం' అని నాణెం మీద వేసుకుంది. విముక్తిని విముక్తి కలిగించినవారి పేరుతో లెక్కపెట్టడం ఆ కాలపు రాజకీయాన్ని ఏ గ్రంథం కన్నా సూటిగా చెబుతుందని నాకనిపిస్తుంది.

ఒక నాణేన్ని చివరిదాకా చదివి చూద్దాం

నల్లసముద్రపు దక్షిణ తీరంలో, నేటి తుర్కియేలోని సమ్సున్ ఉన్న చోట, అమిసొస్ అనే నగరం ఉండేది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో అది వెండి నాణేలను ముద్రించింది. అప్పటికి నగరాల నాణేలు ఎక్కువగా కంచువే కనుక ఇది గమనించదగ్గది. బొమ్మ వైపు హాడ్రియన్ తల చుట్టూ ఆయన బిరుదులు గ్రీకులో ఉంటాయి. బొరుసు వైపు దేవతల బొమ్మలు రకాన్ని బట్టి మారుతుంటాయి కానీ లేఖనం నమూనా ఒక్కటే: నగరం పేరు, ఎలెఉథెరాస్, ఆ తర్వాత 'ఎతూస్', అంటే సంవత్సరం, దాని పక్కన రెండు మూడు అక్షరాలు. ఆ అక్షరాలు రో, క్సీ, గామా అనుకుందాం. గ్రీకులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యా విలువ ఉంది. రో 100, క్సీ 60, గామా 3, కలిపితే 163. ఏ నగరమైనా వీటిని వెనకనుంచి ముందుకు రాసినా విలువ మారదు, కూడుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఈ 163 ఏ శకంలోది అన్న ప్రశ్న వస్తుంది. అమిసొస్ శకం క్రీ.పూ. 32–31తో మొదలవుతుంది. జూలియస్ సీజర్ ఇచ్చిన స్వాతంత్ర్యాన్ని ఆంటొనీ కాలంలో పోగొట్టుకుని, స్ట్రాటన్ అనే నిరంకుశుడి చేతిలో నలిగిన ఆ నగరాన్ని ఆక్టియం యుద్ధంలో ఆంటొనీని ఓడించాక అగస్టస్ మళ్లీ స్వతంత్రం చేశాడని పొరుగు నగరమైన అమాసియాలో పుట్టిన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. 163 నుంచి 32 తీసేస్తే 131 వస్తుంది. ఆ శకపు ఏడాది మన జనవరితో మొదలు కాదు కనుక క్రీ.శ. 131–132 అని రాసుకోవాలి. హాడ్రియన్ 117 నుంచి 138 వరకు పాలించాడు కాబట్టి లెక్క కుదిరింది. ఈ చివరి సరిచూపును ఎప్పుడూ వదిలిపెట్టకూడదు, ఎందుకంటే ఆంటియోక్ వంటి నగరం వేర్వేరు కాలాలలో పాంపే శకాన్నీ, క్రీ.పూ. 49–48తో మొదలైన సీజర్ శకాన్నీ, ఆక్టియం శకాన్నీ వాడింది. శకం తప్పుగా ఎంచుకుంటే తేదీ పదుల ఏళ్లు పక్కకు పోతుంది.

అమిసొస్ స్వాతంత్ర్యం ఆచరణలో ఎంతవరకు చెల్లిందో తెలుసుకోవడానికి అదృష్టవశాత్తూ ఒక ఉత్తరప్రత్యుత్తరం మిగిలింది. సుమారు క్రీ.శ. 111–113 మధ్య బిథీనియా–పాంటస్ గవర్నరుగా ఉన్న చిన్న ప్లినీ, అమిసొస్ పౌరులు పరస్పర సహాయ సంఘాలు పెట్టుకోవచ్చా అని ట్రాజన్ చక్రవర్తిని అడిగాడు. అడుగుతూనే, స్వతంత్రమూ మిత్ర నగరమూ అయిన అమిసొస్ 'మీ దయ వల్ల' తన సొంత చట్టాలను అనుసరిస్తోందని రాశాడు. వారి ఒప్పందం ప్రకారం ఆ చట్టాలు అనుమతిస్తే మనం అడ్డుకోలేమనీ, ఆ డబ్బు అల్లర్లకు కాక పేదలకు వాడితే ఇంకా మంచిదనీ, మన చట్టం కిందనున్న మిగతా నగరాలలో మాత్రం ఇటువంటివి నిషేధించాలనీ ట్రాజన్ జవాబిచ్చాడు. హక్కు నిజమైనదే, కానీ గవర్నరు చక్రవర్తిని అడిగాకే అది నిలబడింది. బొమ్మ వైపు తల, బొరుసు వైపు మాట ఎందుకు పక్కపక్కన ఉన్నాయో ఈ రెండు చిన్న ఉత్తరాలు విప్పి చెబుతాయి.

దారి తప్పించే నాణేలు

ఎలెఉథెరా అన్న మాట కనబడినంత మాత్రాన అది నగర స్వాతంత్ర్యమే అని తేల్చకూడదు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గాల్బా చక్రవర్తి కాలంలో, అంటే క్రీ.శ. 68–69లో, ముద్రించిన టెట్రాడ్రాక్మాలపై (నాలుగు డ్రాక్మాల నాణేలపై) స్తంభానికి ఆనుకుని నిలుచున్న స్త్రీ బొమ్మ, పక్కన 'ఎలెఉథెరియా' అన్న లేఖనం ఉంటాయి. అది నీరో పీడ వదిలిందన్న గాల్బా ప్రచారం, అలెగ్జాండ్రియాకు ఏ హోదా ఇచ్చిన దాఖలా కాదు. సిసిలీలోని సిరక్యూజ్ క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో స్వాతంత్ర్యదాత జ్యూస్ పేరుతో వేసిన నాణేలు రోమన్ పాలనకు చాలా ముందువి. క్రీట్‌లోని ఎలెఉథెర్నా నగరం పేరే అవే అక్షరాలతో మొదలవుతుంది కనుక, అరిగిన నాణెం మీద సగం మాట చదివి సంబరపడే ముందు 'ర' తర్వాత 'న' ఉందేమో చూడాలి.

బొమ్మల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రోమన్ కాలనీల (రోమన్ పౌరులను స్థిరపరచిన పట్టణాల) హోదా గల నగరాల నాణేలపై, భుజాన ద్రాక్షసారాయి తిత్తి వేసుకుని చెయ్యెత్తి నిలిచిన మార్సియాస్ అనే పురాణ పాత్ర విగ్రహం కనిపిస్తుంది. దాన్ని నగర స్వేచ్ఛకు చిహ్నంగా ప్రాచీన వ్యాఖ్యాత సెర్వియస్ చెప్పాడు, అయితే అది చెప్పేది కాలనీ హోదా గురించి. గ్రీకు నగరాల ఎలెఉథెరియా హక్కుతో దాన్ని కలపకూడదు. చక్రవర్తి తల లేకపోవడాన్ని స్వాతంత్ర్యానికి రుజువుగా తీసుకోవడం మరో పొరపాటు. ఏథెన్స్, కియోస్, పిసిడియాలోని తెర్మెస్సొస్ వంటి స్వతంత్ర నగరాలు చక్రవర్తుల తలలు వేయని మాట నిజమే. కానీ ఏ హోదా లేని ఎన్నో నగరాలు కూడా చిన్న విలువ నాణేలపై దేవత తలనో, నగర సభ ప్రతిమనో వేశాయి.

హోదాను కాలంతో సరిచూసుకోవడం

ఒక నగరం ఎప్పుడో స్వతంత్రమైనదని తెలిసినంతలో దాని నాణేలన్నీ ఆ కాలానివి అయిపోవు. సైజికస్ నగరం రోమన్ పౌరులపై దౌర్జన్యం చేసిందన్న ఆరోపణతో క్రీ.శ. 25లో తిబేరియస్ దాని స్వాతంత్ర్యాన్ని రద్దు చేశాడు. రోమన్లను శిలువ వేసినందుకు రోడ్స్ క్రీ.శ. 44లో దాన్ని పోగొట్టుకుని, 53లో తిరిగి పొందింది. నీరో 67లో ఇస్త్మియా క్రీడల వేదిక మీద గ్రీసు మొత్తానికీ స్వాతంత్ర్యం ప్రకటించాడు. పత్రాస్ కాలనీ అప్పుడు లాటిన్‌లో 'విమోచకుడైన జూపిటర్' పేరుతో నాణేలు వేసింది. కొద్ది ఏళ్లకే వెస్పాసియన్ ఆ వరాన్ని వెనక్కి తీసుకున్నాడు. మరోవైపు సిలీషియాలోని కలికాడ్నస్ తీరపు సెలూకియా, క్రిమియాలోని ఖెర్సొనెసొస్ రెండో, మూడో శతాబ్దాల నాణేలపై ఈ మాటను గట్టిగా చెక్కించాయి.

కాబట్టి నాణేన్ని వీలైనంత వరకు శాసనాలతో పోల్చాలి. తెర్మెస్సొస్‌కు స్వాతంత్ర్యమిచ్చిన క్రీ.పూ. 68 ప్రాంతపు రోమన్ చట్టం కంచు ఫలకం మీద కొంతవరకు దొరికింది. సెనేట్ ఆజ్ఞ లేకుండా అక్కడ సైనికులను శీతాకాలం విడిది చేయించకూడదనీ, సుంకాలు విధించే హక్కు ఉన్నా రోమన్ పన్ను గుత్తేదారుల సరుకు మీద వేయరాదనీ అందులో ఉంది. కారియాలోని అఫ్రొడీసియాస్ నగరపు రంగస్థలపు గోడ మీద ఆ నగర హక్కులన్నీ చెక్కి ఉన్నాయి. వాటిలో విచిత్రమైనది వేరే నగరానికి వచ్చిన తిరస్కారం. తన భార్య సిఫారసు చేస్తున్నా సరే సామొస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వలేననీ, కప్పం డబ్బు గురించి తనకు బెంగ లేదనీ, తగిన కారణం లేకుండా అంత విలువైన హక్కును ఎవరికీ ఇవ్వననీ అగస్టస్ రాసిన జవాబును అఫ్రొడీసియాస్ వారు గోడకెక్కించుకున్నారు. పొరుగువాడికి దక్కనిది తమకు దక్కిందని చూపుకోవడంలోని ఆనందం ఈ నాణేల వెనుక కూడా ఉంది.

తిరిగి చెక్కిన అక్షరాలు, నకిలీలు, పత్రాలు

అరుదైన బిరుదు ఉన్న నాణేనికి గిరాకీ ఎక్కువ కనుక, అరిగిన పెద్ద కంచు నాణేల మీద అక్షరాలను ఉలితో మళ్లీ చెక్కేవారున్నారు. అక్షరం అసలైనదైతే అచ్చు దెబ్బకు లోహం పారి, గీత అంచులు మెత్తగా నేలలో (నాణెపు చదును భాగంలో) కలుస్తాయి. తిరిగి చెక్కినప్పుడు అక్షరం చుట్టూ నేల పల్లంగా, గీరినట్టు ఉంటుంది, చిలుము అక్కడ తెగిపోయి ఉంటుంది. చక్రవర్తి జుట్టు పూర్తిగా అరిగిపోయిన నాణెం మీద ఎలెఉథెరాస్ మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉంటే అనుమానించాల్సిందే. పోత పోసిన నకిలీలకు అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, నేల మీద బుడగల గుంటలు కనిపించవచ్చు.

నాణేన్ని కొనదలచినవారు అది ఎప్పుడు, ఏ దేశం నుంచి, ఏ పత్రాలతో బయటికి వచ్చిందో ముందే అడగాలి. ఈ నగరాలలో చాలావాటి శిథిలాలు తుర్కియేలో ఉన్నాయి. అక్కడి 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం పురావస్తువులను దేశం దాటించడం నేరం. చదవడం నేర్చుకోవడానికి సొంత నాణెం అక్కర్లేదు, మ్యూజియంల ఛాయాచిత్రాలు చాలు.

నమోదు చేసుకోవడం

ఇంత శ్రమా రాసిపెట్టకపోతే వృథా అవుతుంది. బరువు, వ్యాసం, రెండు వైపుల బొమ్మలు ఒకదానికొకటి ఏ దిశలో ఉన్నాయో గడియారపు ముల్లు లెక్కన, లేఖనం ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో రాసుకోవాలి. లేఖనాన్ని కనబడినది కనబడినట్టే దించుకోవాలి; ఊహించిన అక్షరాలను చదరపు కుండలీకరణాలలో పెట్టాలి, ఆనవాలు మాత్రమే మిగిలినచోట చుక్కలు వేయాలి. ఆ తర్వాతే ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా నడుస్తున్న రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్ అనే ఉచిత ఆన్‌లైన్ సూచికను తెరవాలి. అందులో నగరం, చక్రవర్తి, లేఖనంలోని ముక్కల ఆధారంగా వెతకవచ్చు, క్రీ.పూ. 44 నుంచి క్రీ.శ. 69 వరకు మొదటి సంపుటం, 69–96కు రెండోది, 96–138కి మూడోది అనే విభజన గుర్తుంటే పని సులువవుతుంది. సూచికను ముందే తెరిస్తే అక్కడ చదివిన మాటే నాణెం మీదా కనబడడం మొదలవుతుంది, అరిగిన కంచు అందుకు తేలికగా లొంగుతుంది. రకం కుదిరితే దాని సంఖ్య రాసుకోవాలి. తేదీ అక్షరాలు సూచికలో లేనివైతే మరోసారి దీపం కింద పెట్టి చూసి, అప్పటికీ అలాగే చదువుతుంటే ఛాయాచిత్రాలతో సహా ఆ రంగంలో పనిచేసేవారికి పంపాలి.